కయోటీకి కంచం పెట్టిందెవరు?

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే తరహా వీడియో తిరుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున డోర్‌బెల్ కెమెరా ముందు నుంచి బూడిద రంగు జంతువొకటి తోక కిందికి వేలాడేసుకుని, ఏ తొందరా లేకుండా డ్రైవ్‌వే దాటి పోతుంది. తోడేలా, నక్కా అని ఒకరు అడుగుతారు. రెండూ కాదు, అది కయోటీ, కుక్కజాతికి చెందిన అమెరికా అడవి జంతువు. పిల్లల్ని బయటికి పంపకండని ఇంకొకరు హెచ్చరిస్తారు. కాసేపటికి అసలు మాట వస్తుంది: "సిటీవాళ్లు పట్టి చంపేయొచ్చు కదా?"

చంపేయొచ్చు. అమెరికా ప్రభుత్వం నూరేళ్లకు దగ్గరగా చేస్తున్న పని అదే. 1931లో కాంగ్రెస్ ఇందుకోసం చట్టమే చేసింది. ఉచ్చులు పన్నారు, హెలికాప్టర్ల నుంచి కాల్చారు, 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఆపించేదాకా ఫెడరల్ భూముల్లో విషపు ఎరలు పెట్టారు. ఇవాళ్టికీ వ్యవసాయ శాఖలోని వైల్డ్‌లైఫ్ సర్వీసెస్ ఏటా 60 వేలకు అటూ ఇటూగా కయోటీలను చంపుతోంది. ప్రైవేటు వేటగాళ్ల లెక్క దానికి అదనం. ఇంత యుద్ధం చేస్తే ఒకప్పుడు పడమటి మైదానాల్లో, ఎడారుల్లో తిరిగే ఈ జంతువు 1950ల తర్వాత తన రాజ్యాన్ని కనీసం 40 శాతం పెంచుకుంది. హవాయి ఒక్కటి మినహా అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది. 1999లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో తేలింది. 2007లో షికాగో నడిబొడ్డున ఒక శాండ్‌విచ్ దుకాణంలోకి నడుచుకుంటూ వెళ్లి కూల్‌డ్రింకుల ఫ్రిజ్‌లో పడుకుంది. అదృష్టవంతుణ్ణి చూసి నక్క తోక తొక్కాడంటాం. ఈ నక్క ఎవరి తోక తొక్కిందో మరి!

అదృష్టం మాట అటుంచితే, దీనికి దారి వేసింది మనుషులే. పెద్ద తోడేళ్లను తుపాకులతో, విషంతో తుడిచిపెట్టి రాజ్యం ఖాళీ చేశారు. పదీ ఇరవై కిలోల మధ్య బరువుండే ఈ మధ్యతరగతి జంతువు అందులోకి నడిచి వచ్చింది. తూర్పు వైపు వెళ్తూ వెళ్తూ మిగిలిన తోడేళ్లతో, ఊరకుక్కలతో కలిసింది. అందుకే తూర్పు రాష్ట్రాల కయోటీ పడమటిదాని కంటే ఒడ్డూ పొడుగూ ఎక్కువ. మన నక్కకు ఇది దగ్గరి చుట్టం. ఎలుక నుంచి ఈతపండు దాకా ఏది దొరికితే అది తిని బతికే గుణంలో ఇద్దరూ ఇద్దరే.

"కయోటీలు మనుషులకు అలవాటు పడిపోయాయి" అని పత్రికలు రాస్తుంటాయి. ఆ ఒక్క వాక్యంలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఊళ్లో బతకడం నేర్చుకోవడం ఒకటి. మనిషంటే భయం పోగొట్టుకోవడం ఇంకొకటి. మొదటిది కయోటీ తన తెలివితో చేసుకున్నది. దానివల్ల మనకు నష్టం దాదాపు లేదు. రెండోది మనం చేతులారా నేర్పింది, చాలా దాడులు అక్కడినుంచే పుడుతున్నాయి. ఈ రెంటినీ విడదీయకుండా వేసే ప్రతి బోనూ, పేల్చే ప్రతి తూటా వృథా ఖర్చు. ఇంకా గట్టిగా చెప్పాలంటే అపాయాన్ని పెంచే ఖర్చు.

మొదటి సంగతికి షికాగోను మించిన సాక్ష్యం లేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన స్టాన్ గెర్ట్ బృందం 2000 నుంచి అక్కడి కుక్ కౌంటీలో కయోటీల మెడకు రేడియో కాలర్లు కట్టి వెంట తిరుగుతోంది. ఇప్పటిదాకా వెయ్యికి పైగా జంతువులను పట్టి, గుర్తులు వేసి, వదిలారు. ఏదో ఒకటీ అరా పార్కుల్లో నక్కి ఉంటాయనుకుని మొదలుపెట్టిన పని ఇది. తీరా చూస్తే మహానగర ప్రాంతమంతటా రెండు వేల నుంచి నాలుగు వేల దాకా ఉన్నట్టు అంచనాకొచ్చారు. రైలు పట్టాల పక్క పొదల్లో, శ్మశానాల్లో, గోల్ఫ్ మైదానాల్లో ఉన్నాయి. సోల్జర్ ఫీల్డ్ స్టేడియం దగ్గర పార్కింగ్ భవనం పైఅంతస్తులో ఒక జంట పిల్లల్ని పెట్టింది. లక్షలమంది వాటి పక్కనుంచే రోజూ పనికి వెళ్లొస్తున్నారు, చూసినవాళ్లు తక్కువ. ఎందుకంటే షికాగో కయోటీ పగటి పనిని రాత్రికి మార్చుకుంది. రోడ్డు దాటే ముందు ఆగి, వాహనాల వరసలో సందు చూసుకుని దాటుతుంది. అయినా వాటి చావుల్లో అన్నిటికంటే పెద్ద కారణం కార్లే.

ఏం తింటున్నాయో తెలుసుకోవడానికి ఆ బృందం 1,429 మల నమూనాలను విప్పి చూసింది. 42 శాతంలో చిన్న ఎలుకజాతి జంతువులు, 23 శాతంలో పండ్లు, 22 శాతంలో జింక, 18 శాతంలో కుందేలు అవశేషాలు కనబడ్డాయి. ఒకే నమూనాలో రెండు మూడు రకాలు ఉంటాయి కాబట్టి ఈ అంకెలను కూడి చూడకూడదు. పిల్లి అవశేషాలు ఉన్నవి 1.3 శాతం. మనుషుల తిండికి సంబంధించినవి రెండు శాతంలోపు. నగరంలో ఉంటూ నగరం కంచంలో చెయ్యి పెట్టని జంతువన్నమాట.

ఇక ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. చంపమని అడిగేవాళ్లు ఎవరూ దీన్ని లెక్కలోకి తీసుకోరు. కయోటీలు గుంపుగా పోగై తిరిగే జనాభా కాదు, హద్దులున్న కుటుంబాలు. ఒక ఆడ, ఒక మగ, ఆ ఏటి పిల్లలు, నిరుటి పిల్లల్లో ఒకటో రెండో. షికాగోలో ఒక్కో కుటుంబం సగటున ఐదు చదరపు కిలోమీటర్ల నేలను తనదిగా పెట్టుకుంటుంది. హద్దుల్లో మూత్రంతో గుర్తులు వేస్తుంది, బయటినుంచి వచ్చినవాటిని కరిచి తరుముతుంది. జంట కట్టాక విడిపోవడం లేదు. 236 కయోటీల జన్యువులు పరీక్షిస్తే జంటను మోసం చేసిన దాఖలా ఒక్కటీ దొరకలేదు. మన సీరియళ్లకు పనికిరాని కాపురాలు! ఇవి కాక నగరంలో మూడో వంతు దాకా ఒంటరులు. సొంత నేల లేక, సగటున 27 చదరపు కిలోమీటర్ల మేర, ఇతర కుటుంబాల హద్దుల అంచుల్లో బితుకుబితుకుమంటూ తిరుగుతూ, ఎక్కడ ఖాళీ అవుతుందా అని చూస్తుంటాయి.

మీ వీధి వెనక ఇలాంటి జంట ఒకటి ఐదేళ్లుగా ఉందనుకోండి. మనిషిని చూస్తే పొదలో దూరుతుంది. చెత్త జోలికి రాదు. ఎలుకలు పట్టుకుని బతుకుతుంది. వీడియోలో కనబడిందని హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) డబ్బులు పోగుచేసి ట్రాపర్‌ను పిలిచింది. ఉచ్చులో ఆడది పడింది. ఆ నేల ఖాళీగా ఉండేది కొన్ని వారాలే. తిరుగుబోతు ఒంటరుల్లో ఒకటి వచ్చి కూర్చుంటుంది. అది ఎక్కడ పెరిగిందో, ఎవరి చేతి తిండి తిన్నదో, మనుషులంటే దానికి ఎంత భయముందో ఎవరికీ తెలియదు. బుద్ధిగా ఉన్న పాత వాచ్‌మన్‌ను తీసేసి, ముక్కూమొహం తెలియనివాడికి తాళాలు ఇవ్వడం లాంటిది ఇది. పోతే, చంపిన ప్రతిసారీ లోపల ఇంకో యంత్రం తిరుగుతుంది. మామూలుగా కుటుంబంలో పెద్ద ఆడదే ఈనుతుంది. అది పోతే కింది ఆడవి జత కడతాయి. ఏడాది నిండీ నిండని పిల్లలు కూడా ఈనడం మొదలుపెడతాయి. నోళ్లు తగ్గాయి కాబట్టి ఎలుకలు, కుందేళ్లు పుష్కలం. మామూలు సంవత్సరంలో సగానికి పైగా చచ్చిపోయే కూనలు ఇప్పుడు బతికి బట్టకడతాయి. ఫిబ్రవరిలో జత కట్టి, అరవై రోజుల పైచిలుకు మోసి, ఏప్రిల్‌లో ఈనే ఈ జంతువుకు నష్టం పూడ్చుకోవడానికి ఒక్క వేసవి చాలు.

దీన్ని అంకెల్లో చూపించింది జంతుప్రేమికుల సంఘమేమీ కాదు. 1975లో కాలిఫోర్నియా యూనివర్సిటీ పరిశోధకులు కానలీ, లాంగ్‌హర్స్ట్ కంప్యూటర్ మోడల్ వేసి చూశారు. ఒక ప్రాంతంలోని కయోటీల్లో 75 శాతాన్ని ప్రతి ఏడూ చంపుతూ పోతే అవి అంతరించడానికి యాభై ఏళ్లకు పైనే పడుతుందని తేలింది. అదీ బయటినుంచి ఒక్కటి కూడా రాదనుకుంటేనే. ఉచ్చులో పడేవాటిలో ఎక్కువ భాగం అనుభవం లేని పిల్లలు. ఏ నగరానికి, ఏ కౌంటీకి నాలుగింట మూడొంతులు ఏటా పట్టే తాహతుంది?

గొర్రెల పెంపకందార్ల బాధ వేరే, అది నిజమైన బాధ. అయితే అక్కడా ఇదే సూత్రం కనబడింది. యూటాలో కొన్ని జంటలను పట్టి, హార్మోన్లు పోకుండా సంతానం కలగని ఆపరేషన్ చేసి, తిరిగి అక్కడే వదిలారు. వాటి కాపురం చెదరలేదు, హద్దులు కాసుకోవడం మానలేదు. కూనలకు మేపే పని లేకపోయేసరికి గొర్రెపిల్లల జోలికి వెళ్లడం బాగా తగ్గింది. నేల కాసేవాడు ఉన్నాడు, ఆకలి నోళ్లు లేవు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మన ఊళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు రెండో సంగతి, భయం పోవడం. 1981లో లాస్ ఏంజెలెస్ పక్కనున్న గ్లెండేల్‌లో మూడేళ్ల పాప తన ఇంటి ముందే కయోటీ దాడిలో చనిపోయింది. ఆ తర్వాత కౌంటీ సిబ్బంది ఆ ఇంటి చుట్టూ అర మైలు మేర 80 రోజుల్లో 55 కయోటీలను పట్టారు. ఈ అంకె దగ్గర కాసేపు ఆగాలి. అర మైలు వ్యాసార్ధం అంటే దాదాపు రెండు చదరపు కిలోమీటర్లు. షికాగోలో ఒక కుటుంబానికి చాలని నేల. అందులో 55 ఎలా ఇమిడాయి? ఆ చుట్టుపక్కల మనుషులు తిండి పెడుతున్నారు కాబట్టి. హద్దుల కోసం కొట్టుకోవాల్సిన జంతువులు సత్రంలో చేరినట్టు చేరాయి. మనిషి కనబడితే పారిపోవాల్సింది పోయి, మనిషి కనబడితే తిండి అని లెక్క కట్టాయి.

2022లో డాలస్‌లో ఒక రెండేళ్ల బాబును ఇంటి ముందు వరండాలోనే కయోటీ కరిచింది. ఆరా తీస్తే, అది ఆ వీధివాళ్లకు బాగా తెలిసిందే. చేత్తో తిండి పెట్టారట, నిమిరారట కూడా. 1960 నుంచి 2006 దాకా అమెరికా, కెనడాల్లో నమోదైన 142 దాడులను గెర్ట్, ఆయన తోటి పరిశోధకురాలు కలిసి ఒక్కొక్కటిగా చదివితే, 30 శాతం ఘటనల్లో అక్కడ ఎవరో తిండి పెడుతున్న సంగతి బయటపడింది. విచారణలో ఒప్పుకున్నవే ఇన్ని. షికాగో కంచాన్ని, లాస్ ఏంజెలెస్ కంచాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. 2020లో వెలువడిన అధ్యయనం ప్రకారం లాస్ ఏంజెలెస్ నగర కయోటీల ఆహారంలో 60 నుంచి 75 శాతం మనుషుల పుణ్యమా అని దొరికేదే. చెత్త, ఇళ్లముందు అందానికి పెంచే చెట్ల పండ్లు, పెంపుడు జంతువుల తిండి, పిల్లులు. మల నమూనాల్లో ఐదింట ఒకదానిలో పిల్లి. అదే జాతి, అదే తెలివి, మారింది మనుషుల పెరడు.

భయం పోవడం ఒక తరంతో ఆగదు. యూటాలోని మిల్‌విల్ పరిశోధన కేంద్రంలో ఎనిమిది కయోటీ కుటుంబాలను గమనించారు. మనుషుల చేతి తిండికి అలవాటు పడిన కొద్దీ తల్లిదండ్రులు మొదటి ఈత కంటే రెండో ఈతలో ధైర్యంగా ప్రవర్తించాయి. వాటిని చూసి రెండో ఈత కూనలు ఇంకా తెగించాయి. అంటే ఒక ఇల్లాలు జాలిపడి రెండేళ్లు వేసిన అన్నం, వీధి మొత్తానికి మొండి కయోటీలను తయారుచేయగలదు.

అవతలి పక్షం మాట కూడా వినాలి. నెలల బిడ్డను ఎత్తుకుని నడిచే తల్లికి జనాభా శాస్త్రం చెప్పడం సులువు, ఆమె భయాన్ని తీర్చడం కష్టం. 2018 చివర్లో ఫ్రిస్కోలో జాగింగ్ చేసేవాళ్ల మీద, పిల్లల మీద వరసగా దాడులు జరిగినప్పుడు పాఠాలు చెబుతూ కూర్చోలేం. మనిషిని కరిచిన జంతువును పట్టి చంపాల్సిందే, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. 2009లో కెనడాలోని కేప్ బ్రెటన్‌లో పంతొమ్మిదేళ్ల గాయనిని కయోటీలు చంపిన చోట మనుషుల తిండి ప్రసక్తే లేదు, అక్కడివి దుప్పిని మించిన మూస్‌లను వేటాడి బతికేవి. అంటే తిండి సూత్రం అన్నిటికీ వర్తించదు. ఒప్పుకుంటాను. కానీ ఉత్తర అమెరికా మొత్తంలో కయోటీల వల్ల మనుషులు చనిపోయినట్టు నమోదైనవి గ్లెండేల్, కేప్ బ్రెటన్ ఈ రెండే. కుక్కకాట్లు ఒక్క అమెరికాలోనే ఏటా 45 లక్షలని అంచనా. ఒక దోషిని పట్టడానికి, వీధి మొత్తాన్ని ఊడ్చేయడానికి తేడా ఉంది.

అయితే ఏం చేయాలి? చేయాల్సినవన్నీ చవకైనవి, చెప్పుకోవడానికి గొప్పగా ఉండనివి. చెత్తడబ్బా ముందురోజు రాత్రి కాకుండా బండి వచ్చే రోజు పొద్దున వీధిలో పెట్టాలి. మూతకు క్లిప్ ఉండాలి. కుక్క, పిల్లి తిండి గిన్నె రాత్రి బయట ఉండకూడదు. రాలిన అంజూరాలు, రేగుపళ్లు, పీచ్‌లు ఏ రోజువి ఆ రోజు ఏరాలి. మనవాళ్ల ఇళ్లలో ఇంకోటి ఉంది. మిగిలిన అన్నం పారేయడానికి మనసొప్పక పిట్టలకని పెరట్లో గోడ మీద పెడతాం. పిట్టలు తినేది పిడికెడు. మిగతాది ఎలుకలకు, ఉడతలకు. ఎలుకల వెనక ఎవరొస్తారో వేరే చెప్పాలా? గింజల డబ్బా వేలాడదీసినా అంతే, కింద పళ్లెం కట్టి రాలిన గింజలు సాయంత్రానికల్లా ఊడవకపోతే అది ఎలుకల హోటల్. పుణ్యం కావాలంటే పగలు పెట్టండి, అరగంటలో మిగిలింది ఎత్తేయండి.

కంచె వేసేవాళ్లు చేసే తప్పు ఎత్తు మీదే దృష్టి పెట్టడం. ఆరడుగులు కనీసం ఉండాలి, నిజమే. కానీ కయోటీ ఎక్కువగా వచ్చేది కింద తవ్వుకుని. జాలీని నేలలోకి దించి, బయటివైపు అడుగు, అడుగున్నర మేర ఎల్ ఆకారంలో మడిచి మట్టి కప్పాలి. తవ్వబోతే గోళ్లకు ఇనుము తగులుతుంది. పైన ముందుకాళ్లు ఆనించి ఎగబాకకుండా కంచె అంచు వెంట తిరిగే గొట్టాలు బిగిస్తారు. పట్టు దొరక్క జారిపోతుంది. గేటు కింద నాలుగైదు అంగుళాల సందు వదిలేస్తే మాత్రం ఈ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. ఇంటి కింద, డెక్ కింద ఖాళీలను అరంగుళం కన్నాల ఇనుప జాలీతో మూయాలి. అయితే ఏప్రిల్, మే నెలల్లో మూసేముందు లోపల కూనలు లేవని చూసుకోవాలి.

కుక్కను తిప్పేవాళ్లు సాగే లీష్ మానేయాలి. పదిహేనడుగుల దూరంలో ఉన్న చిన్న కుక్క కయోటీ కంటికి ఒంటరి కుందేలే. ఆరడుగుల మామూలు తాడు చాలు. కయోటీ ఎదురైతే చిన్న కుక్కను చంకనెత్తుకుని, పరుగెత్తకుండా, కళ్లలోకి చూస్తూ నిలబడాలి.

అసలు మందు బెదరగొట్టడం. అమెరికా నగరాలు దీన్ని హేజింగ్ అంటాయి. చేసేవాళ్లలో చాలామంది సగం చేసి వదిలేస్తారు, అక్కడే బెడిసికొడుతుంది. పద్ధతి ఇది: చేతులు పైకెత్తి ఒళ్లు పెద్దదిగా కనబడేలా నిలబడి గట్టిగా అరవాలి. ఖాళీ కోక్ డబ్బాలో పదీ ఇరవై నాణేలు వేసి మూతికి టేపు చుట్టి ఆడిస్తే వచ్చే గోల బాగా పనిచేస్తుంది. నీళ్ల పైపు, ఈల, గాలి హారన్ ఏదైనా సరే. దాని మీదికి రెండడుగులు వేయాలి. అది నాలుగు గజాలు వెళ్లి ఆగి వెనక్కి చూస్తుంది. మనవాళ్లు ఇక్కడే "వెళ్లిపోయిందిలే" అని లోపలికి వస్తారు. కయోటీ నేర్చుకునేది ఏమిటంటే, ఈ గోల ఇంతే, ఆగితే పోతుంది. అందుకని కనుమరుగయ్యేదాకా వదలకూడదు. కారులోంచి, కిటికీ అద్దం వెనకనుంచి అరిస్తే లాభం లేదు, భయం మనిషితో ముడిపడాలి. రోజూ ఒకే డబ్బా వాడితే దానికీ అలవాటు పడుతుంది, మనుషులూ సామాను మారుతుండాలి. మూలకు తరమకూడదు, పారిపోయే దారి వదలాలి. ఒంటిమీద జుట్టు ఊడి, గజ్జి పట్టి, పగటిపూట మత్తుగా కూర్చున్నదాన్ని బెదిరించి ప్రయోజనం లేదు, యానిమల్ కంట్రోల్‌కు ఫోన్ చేయాలి.

కూనల కాలంలో ఒక్కోసారి కయోటీ మీ కుక్క వెనకే వంద గజాలు నడిచి వస్తుంది. వేటకు వచ్చిందని వణికిపోతారు. చాలాసార్లు అది బొరియ దగ్గరినుంచి మిమ్మల్ని సాగనంపుతోందంతే. అప్పుడు మాత్రం బెదిరించకుండా, వీపు చూపించకుండా వెనక్కి అడుగులేస్తూ వెళ్లిపోవాలి. నెల రెండు నెలలు ఆ దారి మార్చుకోవాలి.

నగరపాలకులకు ఒక కొలబద్ద ఇరవై ఏళ్ల కిందటే సిద్ధంగా ఉంది. కాలిఫోర్నియాకు చెందిన టిమ్, బేకర్ తదితర పరిశోధకులు 2004లో, కయోటీకి మనిషంటే భయం ఎంత పోయిందో చూపే ఏడు మెట్లు గీశారు. రాత్రిళ్లు వీధుల్లో ఎక్కువగా కనబడటం మొదటి మెట్టు. రాత్రి పెంపుడు జంతువులను ఎత్తుకుపోవడం, పొద్దున సాయంత్రం వెలుగులో తిరగడం, పట్టపగలు పెంపుడు జంతువులను తరమడం, తాడున్న కుక్క మీదికి రావడం, మిట్టమధ్యాహ్నం పిల్లల ఆటస్థలాల్లో తచ్చాడటం, చివరికి పెద్దవాళ్ల మీద గుర్రుమనడం. మూడో మెట్టు దాకా చెత్త మూతలు, జరిమానాలు, బెదిరింపులతో వెనక్కి దించొచ్చు. ఐదు దాటాక తుపాకీ తప్ప దారి లేదు. కార్యాలయాల్లో ఫైలు కదిలేది మాత్రం ఐదు దాటాకే. ఎందుకంటే మూత బిగిస్తే ఎవరూ ఫొటో తీయరు. బోనులో జంతువు పక్కన నిలబడితే టీవీలో వస్తుంది.

ఈ రోగం అమెరికాది మాత్రమే కాదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపినప్పుడు ఏం జరిగింది? పట్టే బళ్లు తిరిగాయి, పట్టిన కుక్కల లెక్క వచ్చింది. మాంసం దుకాణాల వ్యర్థాలు ఏ వీధి చివర పడుతున్నాయో ఆ లెక్క అడిగినవాళ్లెందరు? ఖాళీ అయిన చోటుకు పక్క వీధి కుక్క రాదా? ఆపరేషన్ చేసి టీకా వేసిన కుక్కను తిరిగి అదే వీధిలో వదలాలన్న నిబంధన వెనక ఉన్నది యూటా కయోటీల సూత్రమే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఒక అడుగు ముందుకేసి, వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టొద్దని, అందుకు ప్రత్యేక స్థలాలు చూపమని చెప్పింది. కుక్కల్ని ప్రేమించేవాళ్లు, ద్వేషించేవాళ్లు ఇద్దరూ వాదించుకున్నది ఎక్కడ ఉంచాలన్న దాని మీదే. తిండి గురించిన ఆదేశం అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం, దాని మీద జరిగిన చర్చ అన్నిటికంటే తక్కువ.

తిరుమల నడకదారిలో 2023 ఆగస్టులో చిరుత ఆరేళ్ల పాపను చంపాక బోన్లు పెట్టారు, చిరుతల్ని పట్టారు, భక్తుల చేతికి కర్రలిచ్చారు. కర్రల మీద ఎన్ని జోకులు పేలాయో తెలిసిందే. చేతిలో కర్ర ఉన్న మనిషి నిటారుగా, పెద్దగా కనబడతాడు, గుంపుగా గోల చేస్తూ నడుస్తాడు. షికాగోవాళ్లు నాణేల డబ్బాతో చేసేది అదే పని. దారి పక్క జంతువులకు తిండి వేయొద్దు, వ్యర్థాలు పడేయొద్దు అన్న ఆంక్షలు ఆ కర్రల మీది జోకుల్లో కొట్టుకుపోయాయి. మెట్లపక్క పడేసిన ఆకులు, ఎంగిలి, వాటికోసం వచ్చే కుక్కలు, అడవిపందులు, వాటి వెనక చిరుత. లాస్ ఏంజెలెస్ పెరడులో అన్నం, ఎలుక, కయోటీ వరసకు ఇది అచ్చం తోబుట్టువు.

కయోటీకి మనిషి తెలిసి పెట్టిన తిండి ఒకే ఒక్కసారి మేలు చేసింది. 1980ల చివర్లో దక్షిణ టెక్సస్ కయోటీల్లో కుక్కల రేబిస్ రకం పాకి, ఊరకుక్కలకు, అక్కడినుంచి మనుషులకు గండంగా మారింది. చంపమన్న కేకలు అప్పుడూ వినిపించాయి. రాష్ట్ర ఆరోగ్య శాఖ 1995లో విమానాలెక్కింది. చిన్న ప్లాస్టిక్ పొట్లాల్లో టీకా ద్రవం నింపి, చేపనూనె పూసి, చేపపొడి అద్ది, పొదల మీద జల్లింది. కయోటీ కొరికితే పొట్లం పగిలి మందు నోట్లో పడుతుంది. 2004 నాటికి ఆ రకం రేబిస్ టెక్సస్ నుంచి పోయింది, 2007లో దేశం మొత్తానికి పోయిందని ప్రకటించారు. ఇప్పటికీ ఏటా జనవరిలో రియో గ్రాండే నది వెంట ఆ విమానాలు ఎగురుతాయి, చేపవాసన పొట్లాలు పొదల్లో పడతాయి, రాత్రికి కయోటీలు వచ్చి వాటిని కొరుక్కుంటాయి.